ఎడంపక్క బేరింగు అరిగింది

పాలకొల్లు బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుని కూర్చున్న శ్యాంబాబు చేసిన పని పగవాడైనా చెయ్యడు. పగవాడు చెడగొట్టడానికని వచ్చి చెడగొడతాడు. శ్యాంబాబు బాగుచేస్తానని వచ్చి చెడగొట్టాడు. మేలు చేస్తానంటూ మీదమీదకొచ్చేవాణ్ణి ఆమడ దూరంలో ఉంచాలని ఏసురాజుకి ఎనిమిదో క్లాసులో బడి మానేసిన నాడే తెలుసు. తెలిసి తెలిసి నమ్మాడు.

అసలు లోకం మీద ఏసురాజుకి పెద్ద నమ్మకమేమీ లేదు. ముప్పై మూడేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. కాలవగట్టు మీద రేకుల షెడ్డులో కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టి బతికిస్తుంటాడు. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటరు ఆగిందంటే చాలు, ఎంతటి ఆసామి అయినా "ఏసురాజు గారూ" అంటూ పరిగెత్తుకొస్తాడు. మోటారు తిరిగిందా, మళ్ళీ "ఒరేయ్ ఏసూ"నే. మర్యాద కూడా కరెంటులాంటిదే, అవసరం ఉన్నవైపే పారుతుందని అతని సిద్ధాంతం.

ఆ షెడ్డు వెనకాల వాళ్ళ నాన్న వాడిన గోలీసోడా మిషను ఉంది. టేకు పెట్టె, ఇత్తడి బిళ్ళలు, పక్కన తిప్పే చక్రం. ఫ్రిజ్‌లూ ప్లాస్టిక్ సీసాలూ వచ్చాక దాన్ని తిప్పేవాడు లేడు. నాన్న కూడా లేడు. అది ఆక్రమించిన చోట తీగచుట్టే కొత్త మిషను పెట్టుకోవాలని ఏసురాజు ఆలోచన. పాత ఇనప సామాన్లవాడు వచ్చి, తూకానికి ఇమ్మన్నాడు.

అదిగో, అప్పుడే శ్యాంబాబు దిగాడు.

"తూకానికేంట్రా? ఫోన్లో వేలం పెట్టు. దేశమంతా చూస్తుంది. పాత సామాన్ల పిచ్చోళ్ళు ఎగబడి కొంటారు."

వేలంపాటల యాప్ ఒకటి ఏసురాజు ఫోన్లో ఎక్కించాడు. ఫోటో తీశాడు. మిషను గురించి నాలుగు ముక్కలు రాయమన్నాడు. ఏసురాజు బొటనవేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు: "మా నాన్న వాడిన సోడా మిషను. పెట్టె గట్టిది. ఎడంపక్క బేరింగు అరిగింది, తిప్పితే చప్పుడు వస్తుంది. పని తెలిసినవాళ్ళే కొనండి."

శ్యాంబాబు నెత్తి కొట్టుకున్నాడు. "ఒరేయ్, పెళ్ళిచూపుల్లో పిల్లకి మెల్లకన్నని ఎవడైనా ముందే చెప్తాడా? ఆ ముక్క తీసెయ్."

"తీసేస్తే అరిగింది నిండుతుందా?"

"కొన్నాక వాడి ఖర్మ!"

"చెయ్యి నలిగితే?"

శ్యాంబాబు ఫోన్ లాక్కున్నాడు. ఎనిమిది వేల దగ్గర పాట మొదలు, శనివారం సాయంత్రం ఆరింటికి ముగింపు అని పెట్టేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు ముసురు పట్టింది. రేకుల మీద వాన డప్పు కొడుతుంటే ఫోను మోగింది.

"హలో, ఏసురాజు గారాండి?"

ఆడగొంతు. ఏసురాజు చేతికున్న వార్నిష్ లుంగీకి తుడుచుకున్నాడు. "ఆయ్. ఎవరండి?"

"నా పేరు సారిక. ధవళేశ్వరం నుంచి మాట్లాడుతున్నాను. మీ నంబరు నాకెలా దొరికిందో అడగరా?"

"అడిగితే చెప్తారాండి?"

"మీరు పెట్టిన ఫోటోలో మిషను వెనకాల మీ షాపు బోర్డుంది. దాని మీద మీ పేరు, ఊరు, నంబరు అన్నీ ఉన్నాయి. ఇంక ఆధార్ కార్డొక్కటే తక్కువ. నేనైతే మంచిదాన్ని కాబట్టి సరిపోయింది. ఏ దొంగాడో చూస్తే?"

"నా దగ్గర దోచుకోడానికి ఏముందండి? నాలుగు కాలిన మోటార్లు."

"మీ దగ్గర కాదండీ బాబూ. మీ పేరు చెప్పి ఇంకోళ్ళ దగ్గర దోచుకుంటాడు. ముందా ఫోటో మార్చండి. ఇంకో సంగతి. డబ్బులేస్తాను, ఈ గళ్ళ బొమ్మ స్కాన్ చేసి పిన్ కొట్టమని ఎవడైనా అంటే కొట్టకండి. మనకి డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు. పోవడానికే కావాలి."

ఏసురాజుకి కొంచెం ఒళ్ళు మండింది. "మీరు మిషను కొనడానికి చేశారా, పాఠం చెప్పడానికా?"

"రెండూను. ఇంతకీ బేరింగు అరిగిందని ఎందుకు రాశారు?"

"అరిగింది కాబట్టండి."

అవతల ఆవిడ ఫక్కున నవ్వింది. సీసాలో గోలీ లోపలికి దిగగానే బుస్సుమని పొంగుతుందే, అచ్చం అలాంటి నవ్వు. ఏసురాజు మొహం మీద ఆ తుంపర పడినట్టే అయింది.

ఆ వారమంతా ఆవిడ రోజూ ఫోన్ చేసింది. అడగడానికి ఏదో ఒకటి దొరికేది. సీసాలు ఎక్కడ దొరుకుతాయి, గ్యాస్ ఎంత పట్టాలి, చక్రం ఎన్ని చుట్లు తిప్పాలి. వాళ్ళ నాన్న ముసలయ్య గారు ఆనకట్ట దగ్గర లాకులెత్తి దించే లస్కరుగా చేసి రిటైరయ్యారట. తను ఓ ప్రైవేటు స్కూల్లో గుమాస్తా. సాయంత్రం ఆనకట్ట చూడ్డానికి వచ్చే జనం మధ్య సోడాబండి పెట్టాలని ఆశ.

"ఇప్పుడు సోడా మళ్ళీ ఫ్యాషనండీ. కుర్రాళ్ళు తాగేది గుక్కెడు, సెల్ఫీలు దిగేది గంట. కొత్త మిషన్లు రేకుడబ్బాల్లా ఉన్నాయి. మీదైతే ఆ చప్పుడుకే జనం ఆగుతారు."

"ఆ చప్పుడు బేరింగుదండి. బాగుచేస్తే పోద్ది."

"అబ్బా! ఒక్కమాటైనా అమ్మేవాడిలా మాట్లాడరా మీరు?"

ఇదివరకు ఆవిడ ఫోన్లో కుట్టుమిషను కొంటే పెట్టెలో ఇటుకలొచ్చాయట. అప్పట్నుంచి ప్రతి ముక్కా రెండుసార్లు చదువుతుందట. "మీరు రాసింది రెండుసార్లు చదివి, మూడోసారి కూడా చదివాను. తమ వస్తువు బాగోలేదని రాసినవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు."

యాప్‌లో పాట తొమ్మిది వేలకి, పదకొండుకి, పదమూడుకి వెళ్ళింది. ఏలూరులో పాత వస్తువులు పోగేసే పెద్దాయన ఒకాయన ఇటు పాడితే సారిక అటు పాడింది. ఆవిడ పదమూడున్నర అనగానే ఏలూరాయన తప్పుకున్నాడు. ఏసురాజు ఫోన్ చూసుకుని తనలో తను నవ్వుకున్నాడు. అంత తృప్తిగా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో.

శనివారం మధ్యాహ్నం భీమవరం అవతల ఎవరి చెరువు మీదో మోటారు కాలింది. మొల్లోతు నీళ్ళలో నిలబడి పని ముగించుకుని, బురదచేతులతో ఇంటికొచ్చి ఫోన్ చూసేసరికి ఆరు దాటింది.

పాట ముగిసింది. ముప్పై ఒక్కవేల ఐదొందలు. గెలిచినవారు: మరిడమ్మ.

ఏసురాజు కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పైనుంచి కిందికి వరసగా పేర్లు. సంపూర్ణమ్మ. సారిక. మరిడమ్మ. సారిక. రత్నమాణిక్యం. సారిక. ఆఖర్న మరిడమ్మ. సంపూర్ణమ్మంటే కన్నతల్లి. మరిడమ్మంటే సొంత మేనత్త. రత్నమాణిక్యం పక్కింటావిడ. వీళ్ళ మధ్యన ఆ పిల్ల ఒక్కత్తే ఏటికి ఎదురీదినట్టు ముప్పై ఒక్కవేల దాకా వచ్చి ఆగిపోయింది.

ఫోను మోగింది.

"ఏసురాజు గారూ, మరిడమ్మంటే ఎవరండి?"

ఏసురాజు ఫోన్ ఈ చెవినుంచి ఆ చెవికి మార్చాడు.

"నేను చెప్పనా? యాప్‌లో మీ ఫోటో ఉంది చూశారా, మీ భుజం మీద ఎవరిదో చెయ్యి. చేతికి మగవాళ్ళ పెద్ద గడియారం. ఎవరి చెయ్యా అని వారం నుంచి అనుకుంటున్నాను. ఇవాళ మరిడమ్మ గారి ఫోటో పెద్దది చేసి చూస్తే అదే ఫోటో, నిండుగా ఉంది. గడియారం ఆవిడది. పక్కన మీరు, ఇకిలిస్తూ."

"సారిక గారూ, నాకు తెలీదండి..."

"పేర్లన్నీ ఇవాళే పుట్టాయి, అన్నీ పాలకొల్లులోనే. నేను పాడినప్పుడల్లా పైకి తోశారు. నా దగ్గరున్నది ముప్పై ఒక్కవేలండి. మా నాన్న రిటైరైనప్పుడు వచ్చినదాంట్లో మిగిలిందంతా అదే. ఎంతదాకా లాగుదామనుకున్నారు?"

"ఒక్కమాట వినండి..."

"మిషన్లో అరిగింది బేరింగొక్కటే అనుకున్నాను."

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే మోగలేదు. నంబరు బ్లాక్ చేసేసింది.

ఏసురాజు వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి అమ్మ, అత్త పకోడీలు వేయించి పళ్ళెంలో పోస్తున్నారు. ముక్కాలిపీట మీద శ్యాంబాబు.

"వచ్చావా నాయనా! ముప్పై ఒకటిన్నర!" అంది సంపూర్ణమ్మ. "మీ నాన్న వస్తువు పదమూడువేలకి పోతావుంటే చూస్తా కూర్చుంటామా? శ్యాంబాబు మా అందరి ఫోన్లలో పాట పెట్టాడు. ఎంత మంచోడో!"

"ధవళేశ్వరం పిల్లెవత్తో గట్టిపిండమేరా" అంది మరిడమ్మ. ప్రభుత్వాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, ఏం మాట్లాడినా వార్డంతటికీ వినపడాలి. "వదల్లేదు. నేనూ వదల్లేదు."

"నువ్వు వదిలితే ముప్పై ఒక్కవేలు ఆ అమ్మాయి కట్టేది! మోసం కదే అత్తా అది!"

ఇద్దరూ అతని మొహంలోకి చూశారు. నిజంగానే అర్థం కాలేదు వాళ్ళకి.

"మోసమేంట్రా? మన గుడిలో కోతపండక్కి పాడమా?" అంది సంపూర్ణమ్మ.

ఏసురాజు గుమ్మానికి చేరగిలబడ్డాడు. నిజమే. ఏటా కోతపండక్కి ఇంటింటివాళ్ళూ తొలిపంట తెచ్చి ఏసుప్రభువు గుళ్ళో పెడతారు. గుమ్మడికాయ, గెల, కోడిపుంజు, బియ్యం. వాటిని పాట పెడతారు. ఇచ్చినవాళ్ళే ముందు పాడతారు, బంధువులు పైకి పాడతారు. మన కాయ దేవుడి దగ్గర చవగ్గా పోతే ఇంటికే చిన్నతనం. పుట్టి బుద్ధెరిగిన కాడినుంచీ అమ్మకి, అత్తకి తెలిసిన పాట అదొక్కటే. ఫోన్లోదీ అదే అనుకున్నారు.

వాళ్ళకి తెలీదు సరే. శ్యాంబాబుకి తెలుసు కదా!

"నీకు తెలీదంట్రా?" అన్నాడు ఏసురాజు.

"తెలుసు గాని, నీ మంచికేగా! ఇప్పుడైనా ఏం పోయింది? మరిడమ్మ గారు తప్పుకున్నారని కొడితే యాప్ రెండో మనిషికి అవకాశం ఇస్తుంది. ఆ అమ్మాయి తను పాడిన ముప్పై ఒక్కవేలకే తీసుకోవచ్చు. రూలే అది. లక్షణంగా ముప్పై ఒకటి!"

"బయటికి నడు."

"పకోడీ?"

"పకోడీతోపాటు నడు!"

మర్నాడే ఏసురాజు యాప్‌లో పాట రద్దు చేసుకున్నాడు. ముగిసిన పాట రద్దు చేస్తే అమ్మేవాడికి జరిమానా పడుతుందని ఎర్రక్షరాలతో వచ్చింది. కానిమ్మన్నాడు. మిషను పక్కకి ఒరిగించి రెండు బేరింగులూ ఊడదీశాడు. ఎందుకు చేస్తున్నాడో అతనికే తెలీదు. చేతులకి ఏదో ఒక పని ఉండాలి, లేకపోతే ఫోన్ వైపు పోతున్నాయి. ఆవిడ తనని ఏమనుకుంటోందో తలుచుకుంటే అన్నం దిగడంలేదు. లోకమంతా దొంగలని ముప్పై మూడేళ్ళు తిట్టుకుంటూ తిరిగినవాడికి, తనని నమ్మిన ఒక్క మనిషి కంట్లో తనే దొంగగా మిగలడం మింగుడుపడేది కాదు.

గురువారం మళ్ళీ వాన. తెలియని నంబరు.

"ఏసురాజు గారేనా?"

సారిక గొంతే.

"ఆయ్, నేనేనండి."

"ఇందాక నాకు వాట్సాప్ మెసేజ్ పెట్టారా?"

"మీరు నన్ను బ్లాక్ చేశారు కదండి. ఎలా పెడతాను?"

"వేరే నంబరు నుంచి పెట్టారేమో."

"నాకున్నది ఒక్కటే నంబరండి. అది కూడా బోర్డు మీద రాయించి ఊరందరికీ చూపించానని మీరే తిట్టారు."

ఆవిడ మాట మార్చింది.

"మీ మిషను కండిషన్ ఎలా ఉందో చెప్పండి."

"ఇప్పుడాండి?"

"ఇప్పుడే."

"ఏం చెప్పమంటారండి. ఎడంపక్క అరిగిందని రాశాను. ఊడదీసి చూస్తే కుడిపక్కది కూడా పోయింది. అది రాయలేదు, నాదే తప్పు. పెట్టె అడుగున చెద కొంచెం పట్టబోయి ఆగింది. మీరు నమ్మినా నమ్మకపోయినా..."

మాట పూర్తవలేదు. ఆవిడ నవ్వేసింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. ఏసురాజు కంగారుగా లేచి నిలబడ్డాడు.

"ఏమైందండి? సారిక గారూ?"

"మా నాన్న ఫోన్ నుంచి చేస్తున్నాను. ఇందాక మీ పేరుతో, మీరు మార్చకముందు పెట్టిన షాపు బోర్డు ఫోటోతో ఎవడో మెసేజ్ పెట్టాడు. గెలిచినావిడ తప్పుకుంది, మీకైతే పాతికవేలకిస్తాను, పదివేలు అడ్వాన్స్ కొట్టండి, ఇంకోళ్ళు అడుగుతున్నారు అన్నాడు. మీ మీద కోపం ఉంది, నిజమే. కాని మిషను మీద ఆశ కూడా ఉంది కదండీ. పదివేలూ టైపు చేసేశాను. పిన్‌లో రెండంకెలు కూడా కొట్టాను."

"అమ్మో! కొట్టేశారా?"

"కిందకి ఇంకో లైను రాశాడు. మిషను కొత్తదానిలా ఉంది, ఏ లోపమూ లేదు అని. అక్కడ నా వేలు ఆగిపోయింది. ఈ మాట ఆ మనిషి రాయడే అనుకున్నాను. ఆ అబద్ధం మీకు రాదండి."

ఏసురాజు మోటారు మీద కూలబడ్డాడు. గుండెల మీంచి ఎవరో ఇనప చక్రం దించినట్టుంది. రేకు చిల్లులోంచి వాన మెడమీద పడుతున్నా పక్కకి జరగలేదు.

"వాడికి మీ నంబరెలా తెలిసిందండి?"

అవతల గొంతు చిన్నదైంది. "పాట ఓడిపోయిన కోపంలో యాప్‌లో మీ మిషను కింద కామెంటు పెట్టాను. ఈ అమ్మేవాడు మోసగాడు, వివరాలకి ఫోన్ చెయ్యండి అని, నా నంబరు."

"నాకు పాఠం చెప్పి మీరు..."

"చాల్లెండి. తీసేశాను. మరి మీ వాళ్ళ పాట సంగతేంటి? అది మోసం కాదా?"

"అది ఫోన్లో చెప్తే అర్థమవదండి. ఆదివారం మా గుడికి రండి, కోతపండగ. మీ నాన్నగారిని తీసుకురండి. మిషను కళ్ళతో చూసి, చేత్తో తిప్పి, అప్పుడు మాట్లాడండి. చూడకుండా ఎవరికీ పైసా ఇవ్వకండి. నాకు కూడా."

ఆదివారం తెరిపిచ్చింది. గుడి ఆవరణంతా పచ్చిగడ్డి వాసన. అరటిగెలలు, కొత్తబియ్యం బస్తాలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ధవళేశ్వరం నుంచి వచ్చిన తండ్రీకూతుళ్ళు గేటు దగ్గర దిగారు. ముసలయ్య గారు లాకుల మీద నిలబడి నీటిమట్టం చూసినట్టే, కళ్ళు చిట్లించి ఏసురాజుని కిందినుంచి పైదాకా చూశారు. సారిక మాత్రం చూడలేదు. కోళ్ళని చూసింది, గెలల్ని చూసింది, ఆఖరికి ఏసురాజు చెప్పుల్ని చూసింది.

"వందనాలండి" అన్నాడు అతను.

"వందనాలు. మీరు ఫోటోలో కన్నా నల్లగా ఉన్నారు."

"వారమంతా చెరువుల మీద ఎండండి."

"వారమంతా వానగదండీ" అంది. ఈసారి చూసింది. ఆ చూపుకి ఏసురాజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

అంతలో సంఘపెద్ద గుమ్మడికాయ ఎత్తి పట్టుకున్నాడు. "సంపూర్ణమ్మ గారి కాయ! పాడండి!"

"రెండొందలు!" అంది సంపూర్ణమ్మ.

"మూడొందలు!" అంది మరిడమ్మ.

సారిక ఏసురాజు చొక్కా చెయ్యి పట్టుకు లాగింది. "ఆ కాయ ఎవరిది?"

"మా అమ్మదేనండి."

"మరి ఆవిడే పాడుతున్నారేంటి? పైకి పాడేది ఎవరు, గడియారం ఆవిడేనా?"

"ఆయ్, మా మేనత్తండి. ఇచ్చినవాళ్ళ కాయ తక్కువకి పోకూడదని మావాళ్ళే పైకి పాడతారు. ఎవరు ఆఖర్న పాడితే వాళ్ళు కడతారు, డబ్బు గుడికే పోద్ది. ఇక్కడ అది భక్తండి."

"ఫోన్లో?"

"ఫోన్లో మోసమేనండి. వాళ్ళకి తెలీక చేశారు. తెలిశాక కూడా నేను ఊరుకుంటే ఆ మోసం నాది. అందుకే పాట రద్దు చేసేశాను."

సారిక పాటవైపు తిరిగింది. అమ్మ, అత్త చీరచెంగులు బిగించి కొట్లాటకి దిగినట్టు పాడుకుంటున్నారు. ఎనిమిదొందలు. తొమ్మిదొందలు. జనం చప్పట్లు. ఆ పిల్ల కళ్ళలో మెల్లగా ఓ అల్లరి వెలిగింది.

"వెయ్యి!" అని అరిచింది.

గుడంతా వెనక్కి తిరిగింది. ముసలయ్య గారు నోరు తెరిచారు. "ఏంటే అది? ఇంట్లో గుమ్మడికాయ ఎవరూ తినరు!"

"ఊరుకో నాన్నా, వాళ్ళు నన్ను ముప్పై ఒక్కవేలదాకా లాగారు."

సంపూర్ణమ్మ పదకొండొందలంది. సారిక పన్నెండొందలంది. సంపూర్ణమ్మ పైకి పాడలేదు. తన కాయని అంతదాకా తెచ్చిన పిల్లని కళ్ళారా చూసుకుంటూ నిలబడిపోయింది.

"ఎవరమ్మా నువ్వు? ఎవరింటి పిల్లవి?"

"ధవళేశ్వరం గట్టిపిండాన్నండి" అంది సారిక.

మరిడమ్మ చేతిగడియారం సర్దుకుని గుడంతా వినపడేలా నవ్వింది. ఆ తరవాత ఇద్దరూ ఆ పిల్లని చెరోవైపునా పట్టుకుని షెడ్డుదాకా నడిపించుకెళ్ళారు. గుమ్మడికాయ ముసలయ్య గారు మోశారు.

షెడ్డులో మిషను తుడిచి పెట్టి ఉంది. సారిక చక్రం పట్టుకుని తిప్పింది. చప్పుడు లేదు. వెన్నలో చెయ్యి తిప్పినట్టు తిరిగింది.

ముసలయ్య గారు బనీను జేబులోంచి కట్ట తీశారు. "మా అమ్మాయి పాడిన పాట ముప్పై ఒక్కవేలు. మాకు మాటంటే మాటే బాబూ."

"అంత కాదండి. మావాళ్ళు దిగకముందు మీ అమ్మాయి గారు పాడింది పదమూడున్నర. ఆ పైనదంతా మా ఇంటివాళ్ళ పాట. పదమూడున్నరే ఇవ్వండి."

"నేను ముప్పై ఒకటిన్నరకి పాడాను గదరా!" అంది మరిడమ్మ. "పాడినమాట వెనక్కి తీసుకుంటే నా పరువేం గాను?"

"మిషను పెట్టుకుని ఏం చేస్తావే అత్తా?"

"సోడా కొడతాను."

అందరూ నవ్వేశారు. ముసలయ్య గారు మాత్రం నవ్వలేదు. లెక్కపెట్టి పదమూడున్నర ఇచ్చి, మిగతాది మళ్ళీ జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యేసి కాసేపు అలాగే ఉంచుకున్నారు. పోయిందనుకున్న డబ్బు అక్కడే ఉందని చెయ్యి నమ్మడానికి ఆమాత్రం సేపు పడుతుంది. తరవాత టీ తాగుదాం రండమ్మా అంటూ ఆడవాళ్ళిద్దర్నీ బయటికి తీసుకుపోయారు. లాకులు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో తెలిసిన మనిషి.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. సారిక చక్రం తిప్పుతూనే ఉంది.

"మీ మొహం అలా ఉందేంటండి? మిషను అమ్ముడైతే సంతోషం కదా."

"సంతోషమేనండి."

"మళ్ళీ చెప్పండి. ఆ అబద్ధం సరిగా రాలేదు."

ఏసురాజు నేల చూశాడు. "ఆ శనివారం ఆరింటికి పాట ముగుస్తుందంటే పొద్దుట్నుంచీ ఏదోలా అనిపించిందండి. మిషను మీదైపోతే మీరు మళ్ళీ ఫోన్ చెయ్యడానికి కారణం ఉండదు కదా అని."

సారిక చెయ్యి చక్రం మీద ఆగింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. "కారణమెందుకు ఉండదు? మిషనన్నాక రిపేర్లు రావా?"

"రావండి. రెండువైపులా కొత్త బేరింగులు వేశాను. ఇప్పట్లో ఏమీ రావు."

"ఎంత మొద్దండీ మీరు!"

అప్పుడర్థమైంది అతనికి. అర్థమై, చెవులదాకా వేడెక్కి, తడబడుతూ అన్నాడు. "పోనీ పాతవి మళ్ళీ బిగించమంటారా?"

"వద్దు. మీరే ఆదివారాలు వచ్చి సోడా కొట్టండి. నాకు చక్రం తిప్పడం ఎవరు నేర్పుతారు?" అని ఆగింది. "మా నాన్న ఒప్పుకుంటేనే లెండి. చూడకుండా, అడక్కుండా నేను ఏదీ తీసుకోను."

"అడగండి మరి."

"ఏంటి, నేనా అడగాల్సింది?"

అడగనక్కర్లేకపోయింది. రేకు తలుపు అవతల మరిడమ్మ గొంతు వార్డు మొత్తానికి వినపడుతోంది. "మావాడికి చదువు లేదండి, కోపం ఎక్కువ, ఎవర్నీ నమ్మడు. ఉన్నమాట ముందే చెప్తున్నాను. మీ పిల్లనిస్తారా?"

ముసలయ్య గారి గొంతు నెమ్మదిగా వచ్చింది. "ముప్పై ఒక్కవేలు చేతిలో పెడితే పదిహేడున్నర వెనక్కిచ్చినవాడండి. నేనైతే ఎప్పుడో లాకులెత్తేశాను. పిల్ల సంగతి పిల్లనడగండి."

సారిక తలుపు సందులోంచి బయటికి తల పెట్టి, "పిల్ల వింటూనే ఉంది నాన్నా" అంది. సంపూర్ణమ్మ రెండు చేతులతో ఆ తల పట్టుకుని నుదుటిమీద ముద్దు పెట్టుకుంది.

సాయంత్రం మిషను ట్రాలీ ఆటోలో ఎక్కించారు. తండ్రి ముందు కూర్చున్నాడు, కూతురు వెనక మిషను పక్కన కూర్చుని చెయ్యూపింది. ఆటో వంతెన దాటి కనుమరుగయ్యేదాకా ఏసురాజు గట్టు మీదే నిలబడ్డాడు. లోకం మీద తిట్టడానికి ఏదైనా మిగిలిందా అని వెతుక్కుంటే, ఆ సాయంత్రానికి ఏమీ దొరకలేదు.

"ఇంతకీ మొత్తం మీద మనకి ఎంత పోయిందిరా?" అంది సంపూర్ణమ్మ పక్కన నిలబడి.

ఏసురాజు వేళ్ళు ముడిచి లెక్క వేశాడు. వెనక్కిచ్చిన పదిహేడున్నర, యాప్‌వాడు కోసుకున్న జరిమానా పదిహేనువందల డెబ్భై ఐదు, కొత్త బేరింగులకి ఆరొందల యాభై. ఇంత పోగొట్టుకుని ఇంత హాయిగా ఉండటం అతనికి అదే మొదలు.

"పందొమ్మిది వేల ఏడువందల పాతిక రూపాయలమ్మా."